“వాన పడిందట” దగ్గర మొదలుపెట్టండి: జ్ఞానం మీద వ్యాసం ఎలా కట్టాలి

“అనాది కాలం నుంచి మానవుడు జ్ఞానాన్వేషణ సాగిస్తూనే ఉన్నాడు.”

జ్ఞానం గురించి వ్యాసం రాయమంటే చాలామంది పేపరు మీద పెట్టే మొదటి వాక్యం ఇదే. డిగ్రీలో నేనూ ఇదే రాశాను. మా సారు దాని పక్కన ఎర్ర ఇంకుతో “అయితే?” అని ఒక్క మాట రాసి కాగితం తిరిగిచ్చారు. అప్పట్లో కోపం వచ్చింది. ఇప్పుడు పిల్లల వ్యాసాలు దిద్దుతూ అదే మాట నేనూ రాస్తున్నాను.

ఈ రకం వ్యాసం చాలామంది నెత్తిన పడుతుంది. బీఏ ఫిలాసఫీ వాళ్లకు ఎలాగూ తప్పదు. సివిల్స్‌కు ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు మొదటి పేపర్లోనే ప్లేటో, రసెల్ లాంటి పాశ్చాత్య తాత్వికులూ, చార్వాకం, వేదాంతం లాంటి మన దర్శనాలూ కలిసి ఎదురవుతాయి. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) డిప్లొమా చదివే పిల్లలైతే ‘థియరీ ఆఫ్ నాలెడ్జ్’ కింద 1600 మాటలు దాటకుండా ఒక వ్యాసం రాసి పంపాలి. అందరికీ పనికొచ్చేలా, సుమారు 1500 మాటల వ్యాసం ఒకటి మనసులో పెట్టుకుని చెబుతాను. చివరిదాకా ఒకే ప్రశ్నను పట్టుకుని వెళ్తాను, మీరు పక్కనే మీ ప్రశ్న పెట్టుకుని చదవండి.

ముందు ప్రశ్నను చిన్నది చేయండి

“జ్ఞాన స్వభావాన్ని చర్చించండి” అనేది ప్రశ్న కాదు, పొలం. మొత్తం దున్నుతానని దిగితే సాయంత్రానికి ఒక్క చాలు కూడా సరిగ్గా పడదు. అందులో ఒక మడి ఎంచుకోండి. ఇంద్రియాలను ఎంతవరకు నమ్మవచ్చు? ఇంకొకరు చెబితే విన్నది మనకు తెలిసినట్టేనా? నిన్న అందరూ ఒప్పుకున్న శాస్త్ర విషయం ఇవాళ తప్పని తేలితే, నిన్న మన దగ్గర ఉన్నది జ్ఞానమా, కాదా? ఇవన్నీ విడివిడి వ్యాసాలు.

మంచి ప్రశ్నకు ఒక పరీక్ష ఉంది. దానికి మీరు “అవును” అంటే, తెలివైన మనిషి ఒకరు ఎదురుగా కూర్చుని “కాదు” అనగలగాలి. “జ్ఞానం మనిషికి ముఖ్యమా?” అన్న ప్రశ్నకు కాదనేవాడు దొరకడు, కాబట్టి అందులో వ్యాసం లేదు. పరీక్షలో ప్రశ్న వాళ్లే ఇస్తే మీరు మార్చలేరు. ఐబీ వాళ్లు ఇచ్చే ఆరు శీర్షికల్లో ఒకటి ఎంచుకుని, అక్షరం మార్చకుండా రాయాలి. అప్పుడు కూడా శీర్షిక కింద, మీ చిత్తు కాగితం మీద, “ఇందులో అసలు గొడవ దేనిమీద?” అని ఒక వాక్యం మీ మాటల్లో రాసుకోండి.

మనం తీసుకునే ప్రశ్న ఇది: ఒక విషయం నిజమైతే, దాన్ని మనం నమ్మితే, నమ్మడానికి మంచి కారణం కూడా ఉంటే, అది మనకు తెలిసినట్టేనా?

మాటల్ని విడదీయండి (ఇక్కడ తొందర వద్దు)

‘జ్ఞానం’ అన్న మాటను ఉన్నదున్నట్టు వదిలేస్తే వ్యాసం మధ్యలో అదే మిమ్మల్ని మోసం చేస్తుంది. ఒక పేరాలో సమాచారం అనే అర్థంలో వాడతారు, తర్వాతి పేరాలో తెలివితేటలు, ముగింపుకొచ్చేసరికి ఆత్మజ్ఞానం. మీకు తెలియకుండానే మూడు వేర్వేరు సంగతుల గురించి రాసి ఉంటారు. దిద్దేవాళ్లకు ఇది మొదటి చూపులోనే దొరుకుతుంది.

దీనికి నిఘంటువు తెరిచి “నిఘంటువు ప్రకారం జ్ఞానమనగా...” అని మొదలుపెట్టకండి. మీ నోట్లో ఉన్న తెలుగును గమనించండి, చాలు. “నాకు ఈత వచ్చు” అంటాం. “కర్నూలు ఎక్కడుందో తెలుసు” అంటాం. ఈ రెండింటినీ తారుమారు చేస్తే వినేవాడు నవ్వుతాడు. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా ‘నో’ (know) అన్న ఒకే క్రియతో పని జరిగిపోతుంది. అందుకే బ్రిటిష్ తాత్వికుడు గిల్బర్ట్ రైల్ 1949లో అచ్చయిన ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’లో ఒక అధ్యాయమంతా పెట్టి, చేయడం తెలియడం వేరు, ఫలానాది నిజమని తెలియడం వేరు అని వాదించాల్సి వచ్చింది. మన పిల్లలకు బడికి వెళ్లకముందే ఆ తేడా నోటికి వచ్చేస్తుంది. మన ప్రశ్న ‘వచ్చు’ గురించి కాదు, ‘తెలుసు’ గురించి. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేయండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

ఇంకోటి చూడండి. పొద్దున లేచేసరికి వీధి తడిసి ఉంది. రాత్రి మేలుకుని చూసినవాడు “వాన పడింది” అంటాడు. తడి చూసి ఊహించినవాడు “వాన పడినట్టుంది” అంటాడు. పక్కింటావిడ చెప్పగా విన్నవాడు “వాన పడిందట” అంటాడు. విషయం ఒక్కటే. కానీ అది మన దగ్గరికి ఏ దారిన వచ్చిందో క్రియ చివర ఉన్న చిన్న ముక్క చెప్పేస్తోంది. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అని దర్శనాలు పేర్లు పెట్టినవి ఈ మూడు దారులకే. ఇంత మంచి పనిముట్టు మన భాషలోనే ఉండగా, వ్యాసాన్ని అరువు వాక్యంతో ఎందుకు మొదలుపెట్టాలో నాకు అర్థం కాదు.

ఇక్కడ రెండు గుంతలున్నాయి, చూసుకుని నడవండి. దర్శనాల్లో ‘అనుమానం’ అంటే సందేహం కాదు, గుర్తును బట్టి తేల్చుకోవడం. ‘ప్రమాణం’ అంటే ఒట్టు కాదు, సరైన ఎరుకను ఇచ్చే సాధనం. ఈ రెండు మాటల్నీ ఒకే వ్యాసంలో వాడుక అర్థంలోనూ శాస్త్రార్థంలోనూ వాడినవాళ్లను చూశాను. చదివేవాడికి తల తిరిగిపోతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ‘జ్ఞానం’తోనే. తర్కం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ మొదట పట్టే పుస్తకం ‘తర్కసంగ్రహం’. దాన్ని రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. ఆయన లెక్కలో బుద్ధి అన్నా జ్ఞానం అన్నా ఒకటే: మన వ్యవహారాలన్నిటికీ కారణమయ్యే గుణం. అంటే తాడును చూసి పాము అనుకోవడం కూడా జ్ఞానమే, కాకపోతే అయథార్థం. ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకునే అనుభవానికి ఆయన వాడే మాట ‘ప్రమ’. కాబట్టి న్యాయదర్శనం (తర్కాన్ని ప్రధానంగా పట్టించుకునే మన దర్శనం) చదివినవాడి ముందు “జ్ఞానం ఎప్పుడూ నిజమే అయి ఉంటుంది” అని రాస్తే తప్పు రాసినట్టు. ప్లేటో చదివినవాడికి అదే వాక్యం మామూలు సంగతి. అందుకే మొదటి పేజీలోనే “ఈ వ్యాసంలో జ్ఞానం అంటే సరైన ఎరుక మాత్రమే, భ్రమ అందులోకి రాదు” అని హద్దు గీయండి. అలాగని ప్రమ, పాశ్చాత్యులు చెప్పే జ్ఞానం అచ్చంగా ఒకటేనని కూడా రాయకండి. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, జ్ఞాపకాన్ని ప్రమలో చేర్చరు. నిన్న నేర్చుకున్న ఎక్కం ఇవాళ గుర్తుండటాన్ని మనం మాత్రం హాయిగా ‘తెలుసు’ అంటాం.

ఈ విడదీతకు 250 మాటలు మించనివ్వకండి. చార్వాకులకు ఒకటే ప్రమాణం, బౌద్ధులకు రెండు, సాంఖ్యులకు మూడు, నైయాయికులకు నాలుగు, అద్వైతులకు ఆరు అని పట్టిక వేయాలని చేతులు లాగుతాయి. మీ ప్రశ్నకు ఆ లెక్క అవసరం లేకపోతే దాన్ని నోట్సులోనే ఉండనివ్వండి.

మీ మాట ఒక్క వాక్యంలో

ప్లాను వేయకముందే చేయాల్సిన పని ఇది. ప్రశ్నకు మీ జవాబు ఒక్క వాక్యంలో రాయండి. “ఈ విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి” అనేది జవాబు కాదు, తప్పించుకోవడం. “జ్ఞానం సాపేక్షమైనది” అన్నదీ అంతే, దేనికి సాపేక్షమో చెప్పనంతవరకు.

మన ప్రశ్నకు నేనైతే ఇలా రాస్తాను: “మంచి కారణం ఉంటే చాలదు. ఆ కారణమే మనల్ని ఆ నిజం దగ్గరికి తెచ్చి ఉండాలి. అదృష్టం కలిసొచ్చి తెస్తే అది తెలియడం కాదు.” నిజానికి ఇవి మూడు వాక్యాలు, కానీ చెప్పేది ఒక్కటే.

ఈ జవాబు చివరి మాట కానక్కర్లేదు. ప్లేటో ‘థియేటిటస్’ అనే సంభాషణలో జ్ఞానం అంటే ఏమిటో మూడు నిర్వచనాలు పరీక్షించి, మూడూ నిలవవని తేల్చి, జవాబు లేకుండానే ముగించాడు. 1500 మాటల్లో మీరు దాన్ని పరిష్కరిస్తారని ఎవరూ ఎదురుచూడరు. మీరు ఎటువైపు నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో తెలిస్తే చాలు.

అస్థిపంజరం: పూర్వపక్షం, సిద్ధాంతం

“ఉపోద్ఘాతం, విషయ వివరణ, ఉపసంహారం” అని బడిలో నేర్పిన మూడు గదుల ఇల్లు ఇక్కడ సరిపోదు. ఆవు మీద వ్యాసానికి సరిపోతుంది, ఎందుకంటే ఆవు మీతో వాదనకు రాదు. జ్ఞానం మీద వ్యాసంలో ఎదుటిపక్షం ఉండి తీరాలి. మన శాస్త్రకారులు ఆ ఏర్పాటు ఎప్పుడో చేసిపెట్టారు. ముందు ఎదుటివాడి వాదాన్ని పూర్వపక్షంగా నిలబెడతారు, దానిలో లోపం చూపిస్తారు, తర్వాత తమ సిద్ధాంతం చెబుతారు, దానిమీద వచ్చే ఆక్షేపణకు సమాధానం ఇస్తారు.

మన ప్రశ్నకు ఇది ఇలా వస్తుంది. ప్రశ్న, అది ఎందుకు చిక్కో చెప్పడానికి ఒక 150 మాటలు. మాటల విడదీత 250. పూర్వపక్షం (నిజమైన నమ్మకానికి మంచి కారణం తోడైతే చాలు అన్న వాదం, దాని బలంతో సహా) 250. అది ఎక్కడ విరుగుతుందో చూపే ఉదాహరణ, దానినుంచి మీ సిద్ధాంతం 350. మీ సిద్ధాంతం మీద ఒక గట్టి ఆక్షేపణ, దానికి మీ జవాబు కలిపి 400. ముగింపుకు మిగిలిన వంద చాలు.

ఈ అంకెలు రాయి మీద చెక్కినవి కావు. కానీ మీ చిత్తుప్రతిలో ఆక్షేపణకు 60 మాటలూ ఉపోద్ఘాతానికి 500 మాటలూ వచ్చాయంటే, బరువు తప్పు చోట పడిందని అర్థం.

పూర్వపక్షాన్ని బలంగా చెప్పమన్నాను కదా, ఎలా? ప్లేటో ‘మెనో’లో లారిసా ఊరికి దారి అడిగే సంగతి వస్తుంది. దారి తెలిసినవాడూ చేరుస్తాడు, తెలియకపోయినా సరిగ్గా ఊహించినవాడూ చేరుస్తాడు. మరి తేడా ఏమిటి? సోక్రటీస్ జవాబు ఏమిటంటే, సరైన అభిప్రాయాలు గ్రీకు పురాణాల్లోని శిల్పి డెడలస్ చేసిన బొమ్మల్లాంటివి, కట్టేయకపోతే పారిపోతాయి. కారణం అనే తాడుతో కడితే అవి నిలిచి జ్ఞానమవుతాయి. “మంచి కారణం తోడైతే జ్ఞానం” అన్న పూర్వపక్షానికి ఇంతకంటే చక్కటి నోరు దొరకదు. ఎదుటిపక్షాన్ని ఇలా నిలబెట్టి కొడితేనే మీ దెబ్బకు విలువ. గడ్డిబొమ్మను కొడితే ఎవరు మెచ్చుకుంటారు?

పేరాకు ఐదు అవయవాలు

వ్యాసం మొత్తానికి పూర్వపక్ష సిద్ధాంతాలు ఎలాగో, ఒక్కో పేరాకు న్యాయశాస్త్రంలోని పంచావయవ వాక్యం అలాగ. ఇది పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాక నాకు దిద్దే పని సగం తగ్గింది.

కొండ మీద నిప్పుంది: ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ ఉంది: హేతువు. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా: ఉదాహరణ. ఈ కొండ మీద కూడా అలాంటి పొగే ఉంది: ఉపనయం. కాబట్టి ఈ కొండ మీద నిప్పుంది: నిగమనం.

ఉదాహరణ అంటే వంటిల్లు ఒక్కటే కాదని గమనించండి. “ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు” అనే నియమం కూడా అందులో భాగమే. విద్యార్థులు వంటింటి కథ చెప్పి నియమం మరిచిపోతారు. అంతకంటే ఎక్కువగా మరిచిపోయేది ఉపనయం. గొప్ప ఉదాహరణ చెప్పేసి, అది మన ప్రశ్నకు ఎలా వర్తిస్తుందో చెప్పకుండా తర్వాతి పేరాకు దూకేస్తారు. చదివేవాడే కలుపుకోవాలి. మార్కులు ఎక్కువగా రాలిపోయేది ఇక్కడే.

మన వ్యాసంలోని కీలకమైన పేరా ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

“నిజమైన నమ్మకం, దానికి మంచి కారణం రెండూ ఉన్నా మనకు ఆ విషయం తెలియకపోవచ్చు. ఎందుకంటే ఆ కారణానికీ ఆ నిజానికీ అసలు సంబంధమే లేకపోవచ్చు. కారణం ఒక దారిన, నిజం ఇంకో దారిన వచ్చి అనుకోకుండా కలిసిన చోట ‘తెలుసు’ అనడానికి మనకు నోరు రాదు. పెళ్లి మండపంలో గోడ గడియారం నిన్న రాత్రి 9:42కి ఆగిపోయింది, ఎవరూ గమనించలేదు. ఇవాళ పొద్దున సరిగ్గా 9:42కి పురోహితుడు దానివైపు చూసి, ముహూర్తం వేళయిందన్నాడు. ఆయన నమ్మింది నిజం. గడియారం చూసి టైము చెప్పడం మంచి కారణమే. కానీ గడియారం అప్పటి టైమును బట్టి ఆ అంకె చూపలేదు, ఆగిపోయింది కాబట్టి చూపింది. రెండు నిమిషాలు ఆలస్యంగా తల తిప్పి ఉంటే ఆయన తప్పు చెప్పేవాడు. కాబట్టి పురోహితుడు టైము సరిగ్గా చెప్పాడే కానీ, ఆయనకు టైము తెలియదు.”

ఆగిన గడియారం బెర్ట్రండ్ రసెల్ 1948లో వేసిన పుస్తకంలోది, పెళ్లి మండపం నాది. మీరూ ఇలాగే చేయవచ్చు, కానీ అసలు ఆలోచన ఎవరిదో ఒక ముక్క చెప్పాలి. అవయవాలకు పేర్లు మాత్రం వ్యాసంలో పెట్టకండి. మేడ కట్టాక పరంజా తీసేస్తారు కదా.

ఏ ఉదాహరణ ఏ పని చేస్తుంది

జ్ఞానం అనగానే తాడు, పాము వచ్చేస్తాయి. మంచి ఉదాహరణే, కానీ మన ప్రశ్నకు పనికిరాదు. తాడును పాము అనుకున్నవాడి నమ్మకం అబద్ధం. మన ప్రశ్న నమ్మకం నిజమైన తర్వాతే మొదలవుతుంది. ముత్యపుచిప్పను వెండి అనుకోవడమూ అంతే. భ్రమ గురించిన వ్యాసానికి వీటిని దాచుకోండి.

ఎంసెట్ ఉదాహరణ చాలామంది రాస్తారు. పేరు ఈఏపీసెట్ అయినా ఇంట్లో ఎంసెట్టే. 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి తెలియనివాటికి కళ్లు మూసుకుని ‘సి’ పెట్టినా కొన్ని తగులుతాయి. నిజమైన నమ్మకం మాత్రమే చాలదు అని చూపడానికి ఇది బాగుంటుంది. 12వ శతాబ్దంలో తాత్వికుడు శ్రీహర్షుడు ఇలాంటిదే చెప్పాడు: ఎదుటివాడి గుప్పిట్లో ఎన్ని గవ్వలున్నాయని అడిగితే “ఐదు” అని గుడ్డిగా అన్నాడొకడు, తెరిచి చూస్తే ఐదే ఉన్నాయి. కానీ గుడ్డి ఊహకు మంచి కారణం లేదు. కాబట్టి ‘కారణం కూడా ఉంది’ అన్న మన ప్రశ్నకు ఇదీ ఒక మెట్టు కిందనే ఆగిపోతుంది. దీన్ని మొదటి మెట్టుగా వాడి, పైకి వెళ్లండి.

పై మెట్టు కోసం అందరూ అమెరికా తాత్వికుడు ఎడ్మండ్ గెటియర్ దగ్గరికి వెళ్తారు. 1963లో ఆయన వేసింది మూడు పేజీల వ్యాసం, అంతే. స్మిత్, జోన్స్ ఒకే ఉద్యోగానికి పోటీ పడ్డారు. ఉద్యోగం జోన్స్‌కే వస్తుందని, అతని జేబులో పది నాణేలున్నాయని స్మిత్‌కు గట్టి ఆధారాలున్నాయి. “ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయి” అని స్మిత్ తేల్చుకున్నాడు. తీరా ఉద్యోగం స్మిత్‌కే వచ్చింది, అతని జేబులోనూ పది నాణేలే ఉన్నాయి, ఆ సంగతి అతనికి తెలియదు. నమ్మకం నిజం, కారణం ఉంది, అయినా తెలుసనలేం.

అదే పని చేసే ఉదాహరణ మన దేశంలో 8వ శతాబ్దంలోనే ఉంది. బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు చెప్పింది: మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, ఇంకా పొగ లేవలేదు. మాంసం వాసనకు ఈగలూ దోమలూ గుంపుగా మూగాయి. దూరం నుంచి చూసినవాడికి అది పొగలా కనిపించి “అక్కడ నిప్పుంది” అనుకున్నాడు. నిప్పు నిజంగానే ఉంది. మన పంచావయవ వాక్యంలోని కొండ, పొగ, నిప్పు పక్కన దీన్ని పెడితే ఎంత అందంగా అతుకుతుందో చూడండి. హేతువు అన్నది హేతువులా కనిపించేదే తప్ప హేతువు కాదు. నా ఓటు దీనికే. గెటియర్ నాణేలను ప్రతివాడూ రాస్తాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, “గెటియర్ కంటే మనవాళ్లే ముందు” అని జబ్బలు చరుచుకోవడం మాత్రం వద్దు. అది వాదన కాదు, పైగా ఇద్దరి లక్ష్యాలూ వేరు.

ఐబీ పిల్లలకు ఇలాంటి అల్లిన కథలకంటే నిజంగా జరిగినవి కావాలి, అదీ గణితం, చరిత్ర, ప్రకృతి శాస్త్రాల్లాంటి రంగాల నుంచి. రెండు చెబుతాను. శ్రీనివాస రామానుజన్ 1913 జనవరిలో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి పంపిన ఉత్తరంలో సిద్ధాంతాలు వరసగా ఉన్నాయి, రుజువులు లేవు. వాటిలో కొన్ని అప్పటికే తెలిసినవి, కొన్ని అద్భుతాలు, ప్రధాన సంఖ్యల గురించి చెప్పినవాటిలో కొన్ని తప్పు. సరైనవి రాసేటప్పుడు ఆయనకు అవి ‘తెలుసా’? రుజువే గణితంలో కారణం అంటే తెలియదనాలి. అలా అనడానికి ఎవరికైనా మనసొప్పుతుందా? ఈ ఇబ్బంది చుట్టూ 300 మాటలు తేలిగ్గా అల్లవచ్చు.

రెండోది కడుపులో పుండు. టెన్షన్ పడితే, కారం తింటే అల్సర్ వస్తుందని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. ఒకప్పుడు డాక్టర్లూ ఒత్తిడి, ఆమ్లం అనే చెప్పేవాళ్లు, వాళ్లకు కారణాలూ ఉన్నాయి. బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఆస్ట్రేలియా డాక్టర్లు ఎక్కువ పుళ్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కారణమని చూపించారు. నమ్మనివాళ్లను నమ్మించడానికి మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇది మంచి కారణం ఉండి అబద్ధమైన నమ్మకానికి ఉదాహరణ. మన ప్రశ్నకు కాదు, “నిన్నటి శాస్త్రం జ్ఞానమేనా” అన్న ప్రశ్నకు సరిపోతుంది. ఉదాహరణ ఎంత రుచిగా ఉన్నా, ఈ తేడా చూసుకోకుండా వడ్డించకండి.

మొత్తం మీద 1500 మాటలకు రెండు ఉదాహరణలు, మహా అయితే మూడు.

మీ మీద మీరే కేసు వేసుకోండి

మన సిద్ధాంతం: కారణమే మనల్ని నిజానికి చేర్చాలి. ఇప్పుడు దాన్ని పడగొట్టే ఉదాహరణ వెతకండి. అమెరికా తాత్వికుడు ఆల్విన్ గోల్డ్‌మన్ 1976లో వాడిన ఉత్తుత్తి కొట్టాల కథను మన సినిమా సెట్టులోకి తెస్తాను. ఫిల్మ్ సిటీలో ఒక వీధి నిండా ఇళ్లు. అన్నీ ముందు గోడలే, వెనక కర్రలు. ఒక్కటి మాత్రం నిజం ఇల్లు, కాపలా ఆయన అందులో ఉంటాడు. ఇది సెట్టని తెలియని మనిషి వీధిలో నడుస్తూ, సరిగ్గా ఆ నిజం ఇంటినే చూసి “ఇది ఇల్లు” అనుకున్నాడు. కళ్లు బాగానే పనిచేశాయి, ఇల్లు ఉంది కాబట్టే ఇల్లు కనిపించింది. గడియారంలో లాగా కారణం, నిజం విడిపోలేదు. అయినా అతనికి అది ఇల్లని తెలుసు అనగలమా? పక్కదాన్ని చూసినా అదే అనేవాడు కదా.

ఆక్షేపణ ఇలా దెబ్బ తగిలేలా రాయాలి. “కొందరు దీనితో ఏకీభవించకపోవచ్చు” అంటే అది ఆక్షేపణ కాదు, మర్యాద.

జవాబుకు మూడు దారులున్నాయి. ఆక్షేపణ తప్పని చూపవచ్చు: “అతనికి తెలుసు, అదృష్టం అతను ఏ ఇంటివైపు తిరిగాడన్నదాంట్లో ఉంది, చూపులో లేదు.” లేదా కొంత ఒప్పుకుని మీ మాటను సవరించుకోవచ్చు: “కారణం ఈ ఒక్కసారి నిజానికి చేర్చితే చాలదు, ఆ పరిసరాల్లో నమ్మదగినదై ఉండాలి.” లేదా మీ వాదం ఇక్కడ ఓడిందని ఒప్పుకోవచ్చు. నేను రెండో దారి ఎంచుకుంటాను, వాదం ముందుకు నడిచినట్టు కనిపించేది అందులోనే. మూడోది ధైర్యం ఉన్నవాళ్లకు. రాయగలిగితే దానికీ మార్కులు వస్తాయి.

ఒకే ఆక్షేపణ తీసుకోండి. బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడు వేసిన “వస్తువులను ప్రమాణాలతో తేలుస్తున్నావు సరే, ఆ ప్రమాణాలను దేనితో తేలుస్తావు?” అన్న ప్రశ్న నాకు చాలా ఇష్టం. దాన్ని కూడా దూర్చాలని చూస్తే అదే వ్యాసాన్ని మింగేస్తుంది. దానికి వేరే 1500 మాటలు కావాలి.

ఉపోద్ఘాతం చివర్లో

మొదటి పేరా ఆఖర్న రాయండి. మీరు ఏం వాదించారో అప్పటికి మీకే తెలుస్తుంది. మన వ్యాసానికి నేను రాసే మొదటి పేరా ఇది: “‘వాన పడింది’ అనడానికీ ‘వాన పడిందట’ అనడానికీ మధ్య ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరంతో తెలుగువాడు తన నమ్మకం ఏ దారిన వచ్చిందో ఒప్పుకుంటాడు. దారి మంచిదై, చేరిన చోటు కూడా సరైనదైతే మనకు తెలిసినట్టేనా? ఆ దారే మనల్ని అక్కడికి చేర్చినప్పుడు మాత్రమే అని ఈ వ్యాసం వాదిస్తుంది.” ప్రశ్న వచ్చింది, జవాబూ వచ్చింది. సస్పెన్సు దాచుకోవడానికి ఇది డిటెక్టివ్ నవల కాదు.

ముగింపులో కొత్త ఉదాహరణ, శ్లోకం, కొటేషన్ వద్దు. సవరించుకున్న సిద్ధాంతం ఒకసారి చెప్పి, అది ఇంకా ఏ ప్రశ్నను తాకలేదో ఒక వాక్యం రాసి ఆపేయండి.

హాల్లో కూర్చుని రాసేవాళ్లకు ఇదంతా ఎలా కుదురుతుందంటే, సివిల్స్ వ్యాసం పేపరుకు మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి 1000 నుంచి 1200 మాటలు. ఒక్కోదానికి 90 నిమిషాల్లో మొదటి 20 నిమిషాలు చిత్తు కాగితానికే ఇవ్వండి: ఒక వాక్యం జవాబు, పూర్వపక్షం, ఉదాహరణ, ఆక్షేపణ. పక్కవాడు అప్పటికే రెండో పేజీ తిప్పుతుంటే టెన్షన్ వస్తుంది, రానివ్వండి. హాల్లో ఉపోద్ఘాతం చివర్లో రాయడం కుదరదు కాబట్టి, పైన ఎనిమిది గీతలు ఖాళీ వదిలి రెండో పేరాతో మొదలుపెట్టే అలవాటు ముందే ఇంట్లో చేసుకోండి.

ఇంటి దగ్గర రాసేవాళ్లయితే పూర్తయ్యాక ఒక రోజు పక్కన పెట్టి, గట్టిగా చదవండి. “నిస్సందేహంగా”, “అందరికీ తెలిసినట్టుగా” అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా ఆగండి. జ్ఞానం మీద వ్యాసంలో ఆ మాట వాడారంటే అక్కడ కారణం రాయడం మానేశారని అర్థం, ఆ ఖాళీలో కారణం పెట్టండి. తర్వాత ఫిలాసఫీ వాసన తెలియని వాళ్లెవరికైనా, అమ్మకో రూమ్మేటుకో, ఆ గడియారం పేరా ఒక్కటి చదివి వినిపించి, “పురోహితుడికి టైము తెలుసా, తెలియదా?” అని అడగండి. వాళ్లు మీతో వాదనకు దిగితే పేరా పనిచేస్తున్నట్టే. ఊఁ కొట్టి ఊరుకుంటే ఉపనయం దగ్గర ఏదో వదిలేశారు, అక్కడికి వెళ్లి చూడండి.